సిమెంటు తగ్గితే స్లాబు చల్లబడుతుందా?

మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో ఇల్లు కట్టుకునేవాళ్లు నలుగురు కూర్చుంటే ఈమధ్య ఒక మాట తప్పకుండా వినిపిస్తోంది. "బూడిద కలిసిన సిమెంటు వాడితే స్లాబు చల్లగ ఉంటదట." ఆ బూడిద థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలితే మిగిలేది, ఫ్లై యాష్ అంటారు. ఇటుకలు అమ్మేవాళ్లు చెబుతున్నారు, రెడీమిక్స్ కుర్రాళ్లు చెబుతున్నారు, వాళ్లను చూసి సుతారులూ చెబుతున్నారు. సిమెంటు తక్కువ వాడటం మంచిదే, ఇల్లు చల్లగా ఉండటమూ మంచిదే. కానీ మొదటిది చేసినంత మాత్రాన రెండోది దానంతటదే వచ్చిపడదు. ఒక్కోసారి ఒకదాని వెంట పడితే రెండోది చేజారుతుంది కూడా.

ఈ గందరగోళం ఎక్కడ మొదలైందో ఊహించడం కష్టం కాదు. సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు వేడి పుడుతుంది. డ్యాముల్లో, పెద్ద పెద్ద పునాదుల్లో ఆ వేడి బయటికి పోలేక లోపలే ఉండిపోయి కాంక్రీటు పగులుతుంది. అందుకని అలాంటి పనుల్లో బూడిదో స్లాగో (ఇనుము కొలిమిలో మిగిలే తెట్టు) కలిపి వేడి తక్కువ పుట్టే సిమెంటు వాడతారు. అయిదంగుళాల ఇంటి స్లాబులో ఆ వేడి కొద్ది రోజుల ముచ్చటే. స్లాబు పోసిన వారం పది రోజుల్లో గాలిలో కలిసిపోతుంది. మే నెలలో నెత్తిన మండే సూర్యుడికీ దానికీ ఏ సంబంధమూ లేదు. డ్యాము ఇంజినీర్ల మాట ఇంటి స్లాబు అమ్మకాలకు చేరేసరికి అర్థం తిరగబడింది, అంతే.

సిమెంటు తగ్గించడం ఎందుకు, ఎలా

కృష్ణ ఒడ్డున వాడపల్లి నుంచి మట్టపల్లి, మేళ్లచెరువు దాకా నేల కింద సున్నపురాయి. దాన్ని పొడిచేసి, బంకమట్టితో కలిపి, కొలిమిలో దాదాపు 1450 డిగ్రీల దగ్గర కాలిస్తే క్లింకర్ వస్తుంది. దాన్ని కాస్త జిప్సంతో కలిపి నూరితే సిమెంటు. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలితే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. బొగ్గు మానేసి కరెంటుతో కాల్చినా ఈ 44 కిలోలు తప్పవు, ఎందుకంటే అది రాయిలోనే ఉంది. బొగ్గు పొగ దీనికి అదనం. అన్నీ కలిపితే టన్ను క్లింకర్‌కు 800 నుంచి 900 కిలోల దాకా తేలుతుంది. ప్రపంచం మొత్తం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7–8 శాతం సిమెంటుదే. ఆ ఫ్యాక్టరీల మీద ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో నల్గొండ, సూర్యాపేట జిల్లాలవాళ్లకు తెలియనిది కాదు. నేను చెప్పేది సిమెంటు మానేయమని కాదు, అవసరం లేనిచోట పోయొద్దని.

క్లింకర్‌ను తగ్గించే దారులు ఇప్పటికే మన దుకాణాల్లో ఉన్నాయి. పీపీసీ, అంటే పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు, బస్తాలో 15 నుంచి 35 శాతం ఫ్లై యాష్ ఉంటుంది. స్లాగ్ సిమెంటులో స్లాగ్ సగానికి మించి కూడా ఉండొచ్చు. కొత్తగా వచ్చింది ఎల్‌సీ3. అందులో క్లింకర్ సగమే. మిగతాది సుమారు 30 శాతం కాల్చిన బంకమట్టి, 15 శాతం కాల్చని సున్నపురాయి పొడి, కాస్త జిప్సం. స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్‌తో పాటు మన ఐఐటీ ఢిల్లీ, ఐఐటీ మద్రాస్ దీని మీద ఏళ్లుగా పనిచేశాయి. 2023లో భారతీయ ప్రమాణం కూడా వచ్చింది, ఐఎస్ 18189. మట్టిని కాల్చడానికి 700–850 డిగ్రీలు చాలు, అందులోంచి సున్నపురాయిలాగా కార్బన్ డయాక్సైడ్ రాదు. పాత గడీల గోడల్లో డంగు సున్నానికి ఇటుక పొడి కలిపినవాళ్లు చేసింది కూడా ఇంచుమించు ఈ రసాయనమే. కాకపోతే ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. కేవొలిన్ రకం బంకమట్టి 40 శాతమైనా ఉండాలి. మన నల్లరేగడిలో ఉండే ఖనిజం వేరు, అది కాల్చినా అంతగా స్పందించదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మన పనుల్లో జరిగే వృథా ఒక ఎత్తు. తట్టలతో కొలిచి సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే క్యూబిక్ మీటరుకు 8 బస్తాలు, అంటే 400 కిలోలు పడుతుంది. అదే కంకర, అదే ఇసుకను ల్యాబ్‌లో పరీక్షించి మిక్స్ డిజైన్ చేయించి, తక్కువ నీళ్లతోనే ముద్ద జారేలా చేసే ప్లాస్టిసైజర్ కాస్త కలిపితే అదే ఎం20 బలం, అంటే 20 మెగాపాస్కల్స్ ఒత్తిడి తట్టుకునేది, 320 కిలోలతో వస్తుంది. కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం సాధారణ వాతావరణంలో సిమెంటు 300 కిలోలకు తగ్గకూడదు, కలిపిన బూడిద కూడా ఆ 300లో లెక్కే. 600 చదరపు అడుగుల స్లాబు 5 అంగుళాల మందంతో వేస్తే దాదాపు 7 క్యూబిక్ మీటర్లు. తట్ట లెక్కకు 56 బస్తాలు, డిజైన్ మిక్స్‌కు 45. బూడిద గురించి మాట్లాడకముందే 11 బస్తాలు మిగిలాయి. అయినా మన దగ్గర చాలామంది ఇంటి యజమానులకు ఎక్కువ సిమెంటు పోస్తే ఎక్కువ గట్టి అన్న నమ్మకం పోదు. మేస్త్రీ ఇంకో బస్తా అడిగితే సంతోషంగా ఇస్తారు, నీళ్లు తక్కువ పోయమంటే మాత్రం ఎవరూ వినరు.

స్లాబులోంచి వేడి ఎలా దిగుతుంది

ఒక పదార్థం మీటరు మందం ఉండి, రెండు వైపులా ఒక్క డిగ్రీ తేడా ఉంటే, ఒక్కో చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందన్నదే ఉష్ణవాహకత. ఇనుప కంబీ వేసిన కాంక్రీటుకు మన ప్రమాణాల్లో వాడే విలువ 1.58. కాల్చిన ఇటుకకు 0.8. మట్టి మిద్దె మీద దిమ్మిస కొట్టిన మట్టికి దాదాపు 0.5. ఏఏసీ బ్లాకులకు, అదే మనవాళ్లు తేలిక ఇటుకలంటారు, 0.2 దరిదాపుల్లో. కదలని గాలికి 0.025.

ఇప్పుడు కాంక్రీటు లోపలికి చూద్దాం. ఘనపరిమాణంలో మూడింట రెండొంతుల పైన కంకర, ఇసుకే. మన కంకర గుట్టల్లోంచి వచ్చే గ్రానైటు, దాని వాహకత 3కు అటూ ఇటూ. అంటే వేడి ఎక్కువగా ప్రయాణించేది రాయిలోంచే. సిమెంటు ముద్ద ఆ రాళ్ల మధ్య సందుల్లో ఉండేది. ఆ ముద్దలోని సిమెంటులో మూడో వంతు తీసేసి బూడిద వేస్తే మొత్తం మీద తేడా కొద్ది శాతమే. మధ్యాహ్నం మూడింటికి మంచం మీద పడుకున్న మనిషికి అది తెలియను కూడా తెలియదు. బూడిద కలిస్తే చల్లదనం అన్న మాట ఇక్కడే వీగిపోతుంది.

వేడిని ఆపేది గాలి. గొంగడి పని కూడా ఇంతే, ఉన్ని పోగుల మధ్య గాలిని కదలకుండా పట్టి ఉంచుతుంది. కాంక్రీటులో ఆ పని చేయాలంటే దానిలో సన్నని బుడగలు ఉండాలి, అవి ఒకదానితో ఒకటి కలవకూడదు. బుడగలు పెరిగితే బరువు తగ్గుతుంది కాబట్టి బరువును బట్టే వాహకతను అంచనా వేయొచ్చు. ఇంజినీర్లు వాడే ఒక స్థూల సూత్రం ప్రకారం క్యూబిక్ మీటరు 2400 కిలోలుండే మామూలు కాంక్రీటుకు 1.45 వస్తే, 1200 కిలోలదానికి 0.32, 600 కిలోలదానికి 0.15. 2400 నుంచి 1200కు బరువు సగమైతే వాహకత సగం కాదు, దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది.

అసలు ముడి ఇప్పుడు వస్తుంది. బుడగలు పెరిగేకొద్దీ బలం బరువుకంటే వేగంగా పడిపోతుంది. స్లాబుకు 20 మెగాపాస్కల్స్ కావాలి, నురగ కలిపి పోసే ఫోమ్ కాంక్రీటు 600 కిలోలదైతే ఒకటి రెండు దాటదు. బలం కావాలంటే సిమెంటు పెంచాలి. ఇంకో తమాషా ఏంటంటే, ఫోమ్ కాంక్రీటులో కంకర ఉండదు, ఉన్నదంతా ముద్దే. ఉత్త సిమెంటుతోనే 600 కిలోల సాంద్రత తేవాలంటే క్యూబిక్ మీటరుకు సుమారు 500 కిలోలు, అంటే 10 బస్తాలు పడుతుంది. తట్ట కొలత స్లాబుకన్నా ఎక్కువ! పైకి చూస్తే నురగ, లోపల అంతా క్లింకర్. పర్యావరణానికి మంచిదని దీన్ని అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

సరే, ఆ ముద్దలో సగం బూడిద వేద్దామంటే ఇంకో చిక్కు. బూడిద, స్లాగ్ కలిసిన సిమెంటు మెల్లగా గట్టిపడుతుంది. నురగ అంతసేపు ఆగదు. ముద్ద బిగుసుకునేలోపు చిన్న బుడగలు పెద్దవాటిలో కలిసిపోయి, పైకి లేచి పగిలి, పోసిన ఆరంగుళాలు తెల్లారేసరికి అయిదంగుళాలై కూర్చుంటుంది. అడుగున బరువు, పైన తేలిక. దీనికి మందులు లేకపోలేదు. బూడిదను ఇంకా మెత్తగా నూరడం, త్వరగా గట్టిపడే రసాయనం కాస్త కలపడం, నురగ పుట్టించే ఫోమింగ్ ఏజెంట్ మంచి రకం వాడటం. తక్కువ సిమెంటు కాంక్రీటుకు ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే గుణం, తేవడం మీద ల్యాబుల్లో తంటాలు పడేది చాలావరకు ఈ గంటల గురించే, బుడగ ముందా, బిగువు ముందా అని.

ఏఏసీ బ్లాకు ఈ చిక్కును ఇంకో దారిలో తప్పించుకుంది. అందులో 60–70 శాతం ఫ్లై యాష్, కాస్త సున్నం, కాస్త సిమెంటు, చిటికెడు అల్యూమినియం పొడి. అల్యూమినియం సున్నంతో కలిసి హైడ్రోజన్ బుడగలు పుట్టిస్తుంది, ముద్ద పొంగుతుంది. తర్వాత దాన్ని కోసి, 180–190 డిగ్రీల ఆవిరిలో, 10–12 రెట్ల వాతావరణ పీడనం కింద గంటలకొద్దీ ఉడికిస్తారు. ఆ ఉడుకులో బూడిదలోని సిలికా, సున్నం కలిసి గట్టి స్ఫటికాలవుతాయి. అందుకే 600 కిలోల బరువులోనే 3–4 మెగాపాస్కల్స్ బలం వస్తుంది. సున్నం కాల్చడానికి, ఆవిరికి అయ్యే ఇంధనం లెక్కలోకి వస్తుంది నిజమే, కానీ సిమెంటు మాత్రం తక్కువ. ఇది ఫ్యాక్టరీ పని, సైటులో చేసేది కాదు.

బుడగల బదులు తేలికైన కంకర వేసే దారి ఇంకొకటి. ఫ్లై యాష్‌ను గోలీలుగా చుట్టి కాల్చితే గ్రానైటులో సగం బరువుండే కంకర తయారవుతుంది. దానికీ మన దగ్గర ప్రమాణం ఉంది, దొరకడమే కష్టం. థర్మల్ కేంద్రాల బూడిద చెరువుల్లో నీళ్లపై తేలే బోలు గోళాలుంటాయి, సెనోస్ఫియర్లంటారు. ఇన్సులేషన్‌కు అవి అద్భుతం, కానీ బూడిదలో వాటి పాలు బహు కొద్ది, ధర ఎక్కువ. థర్మకోల్ గింజలు చవక. కలిపేటప్పుడు పైకి తేలిపోవడం, అగ్గి తగిలితే పొగ, ఈ రెండూ వాటి తలనొప్పులు.

బలం అడగకపోతే

ఇంతదాకా వచ్చిన చిక్కంతా ఒకే కాంక్రీటును బరువు మోయమని, వేడి ఆపమని, సిమెంటు తక్కువ తినమని అడగడంతో వచ్చింది. మూడింట్లో బలాన్ని పక్కన పెట్టి చూడండి. బరువు మోయాల్సిన పని లేని పొరకు సాంద్రత తగ్గించేకొద్దీ సిమెంటూ తగ్గుతుంది, ఇన్సులేషనూ పెరుగుతుంది. అప్పటిదాకా కొట్లాడుకున్న రెండు లక్ష్యాలూ ఒకే దిక్కుకు నడుస్తాయి. కాబట్టి స్లాబు స్లాబులాగే ఉండాలి. డిజైన్ మిక్స్, పీపీసీ, గ్రానైటు కంకర, చక్కటి క్యూరింగ్ (పోశాక రోజుల తరబడి తడిపి ఉంచడం). వేడి ఆపే పని దాని మీద ఇంకో పొరకు ఇవ్వాలి.

ఆ పొరకు చోటు వెతకాల్సిన పనే లేదు. ప్రతి స్లాబు మీద వాటం వేస్తాం కదా. వాన నీళ్లు గొట్టం వైపు పారడానికి సగటున మూడంగుళాల కాంక్రీటు పోస్తాం. అది ఏ బరువూ మోయదు, పైగా తనే బరువు. చదరపు మీటరుకు 160 కిలోల పైమాటే. దాని బదులు బూడిద కలిసిన ఫోమ్ కాంక్రీటుతో వాటం తీస్తే నాలుగంగుళాల మందానికీ బరువు 60 కిలోలు.

ఇందిరమ్మ ఇల్లంత, 400 చదరపు అడుగుల స్లాబు తీసుకుని లెక్క వేద్దాం. నల్గొండ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, మే రెండో వారం దగ్గర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. అప్పుడు ఉత్తర, దక్షిణ గోడల మీద ఎండ పడదు, పడేదంతా కప్పు మీదే. నల్లబడిన స్లాబు పైభాగం 60 డిగ్రీలు దాటడం మామూలే. పైన 62, గదిలో 36 అనుకుంటే, అయిదంగుళాల ఉత్త స్లాబు గుండా చదరపు మీటరుకు దాదాపు 100 వాట్లు దిగుతాయి. మొత్తం స్లాబుకు 3.8 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ పూర్తిగా పనిచేస్తే తీసేయగలిగేది 3.5. అంటే ఏసీ పెట్టినా కప్పు దాని మీద గెలుస్తుంది. మీద నాలుగంగుళాల ఫోమ్ కాంక్రీటు ఉంటే, కాస్త తేమ ఉంటుందని వాహకతను 0.18గా తీసుకున్నా, 3.8 కాస్తా 1.2 కిలోవాట్లకు పడుతుంది. ఇది స్థిరంగా ఎండ కాస్తుందనుకుని వేసిన లెక్క, అసలు కప్పు మీద గంటగంటకూ మారుతుంది. కానీ మూడో వంతు అన్న నిష్పత్తి మోసం చేయదు.

దీన్నే యూ విలువలో, అంటే కప్పు మొత్తం గుండా ఒక్క డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు దాటే వాట్లలో, చెబితే ఉత్త స్లాబుది 3.5 దగ్గర, ఈ పొరతో 1.18. కేంద్రం 2018లో తెచ్చిన ఇళ్ల ఇంధన పొదుపు కోడ్ ఎకో నివాస్ సంహిత కప్పుకు పెట్టిన గరిష్ఠ హద్దు 1.2. అంటే మన మామూలు స్లాబు ఆ హద్దుకు దాదాపు మూడు రెట్లు.

సిమెంటు లెక్క కూడా చూడాలి, లేకపోతే మొదట చెప్పిందంతా వృథా. 400 అడుగుల మీద మూడంగుళాల వాటం 1:2:4 కాంక్రీటుతో వేస్తే దాదాపు 18 బస్తాలు. నాలుగంగుళాల ఫోమ్ కాంక్రీటు సగం సిమెంటు, సగం బూడిదతో వేస్తే అదీ 18–19 బస్తాలే. సిమెంటు మిగల్లేదు, అదనంగా పోనూ లేదు, ఇన్సులేషన్ ఉత్తిపుణ్యానికి వచ్చింది. సాంద్రతను 450కి దించగలిగితే సిమెంటు కూడా మిగులుతుంది. అప్పుడు మీద నడవడానికి టైల్సో పలుచటి గట్టి పొరో తప్పనిసరి. రెండంగుళాల థర్మకోల్ షీటు ఈ నాలుగంగుళాలకన్నా ఎక్కువ వేడి ఆపుతుంది, ఆ మాట దాచను. కానీ దాని మీద రక్షణ పొర వేయాలి, వాటం వేరే తీయాలి, అగ్గి సంగతి చూసుకోవాలి.

బూడిదకు ఇక్కడ కరువు లేదు. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం పూర్తిస్థాయిలో నడిస్తే రోజుకు వేల టన్నుల బూడిద. అన్ని బూడిదలూ ఒకటి కాదు మరి. పొడిగా పట్టిన సన్నటి బూడిద వేరు, చెరువులోకి పంపిన తడి ముతక బూడిద వేరు. ఫోమ్ కాంక్రీటుకు మొదటిదే కావాలి.

ఇంకోటి ఊక బూడిద. మిర్యాలగూడ రైసుమిల్లుల చుట్టూ దాని కుప్పలు చూడనివాళ్లుండరు. ధాన్యంలో అయిదో వంతు ఊక, ఊకలో అయిదో వంతు బూడిద, ఆ బూడిదలో 85–95 శాతం సిలికా. కాగితం మీద సిమెంటుకు ఇంతకన్నా మంచి తోడు లేదు. కానీ ఆ సిలికా సిమెంటుతో కలవాలంటే ఊక 500–700 డిగ్రీల మధ్య కాలాలి. బాయిలర్‌లో వేడి అంతకు మించితే సిలికా స్ఫటికమై మొండికేస్తుంది. సరిగ్గా కాలకపోతే బొగ్గు మిగిలి నల్లగా ఉంటుంది. ఆ బొగ్గు నీళ్లు తాగుతుంది, ఫోమింగ్ ఏజెంట్‌నూ తాగుతుంది, నురగ చచ్చిపోతుంది. చేతిలోకి తీసుకుంటే కాటుకలా అంటుకునే బూడిదను ఈ పనికి నమ్మొద్దు. లేత బూడిద రంగులో ఉన్నది కొంత మేలు, అయినా ల్యాబ్ పరీక్ష తప్పదు. ఊకనే నేరుగా కాంక్రీటులో కలుపుదామనే ఉత్సాహవంతులూ ఉన్నారు. ఊకలోంచి దిగే చక్కెరల లాంటి పదార్థాలు సిమెంటును గట్టిపడనివ్వవు. ముందు సున్నపు నీళ్లలో నానబెట్టి కడగాలి. అంత చేసినా వచ్చేది బరువు మోయని బ్లాకే.

మట్టి మిద్దె ఎందుకు చల్లగా ఉండేది

పాలమూరు పల్లెల్లో పెద్దవాళ్లు మిద్దె ఇల్లు చల్లగా ఉండేదని చెబుతారు. అది నిజమే, కానీ కారణం ఇన్సులేషన్ ఒక్కటే కాదు. దూలాలు, వాసాల మీద మందంగా పరిచిన మట్టి, మూరెడు మందం గోడలు వేడిని ఆలస్యం చేసేవి. అయిదంగుళాల కాంక్రీటులో వేడి పైనుంచి కిందికి చేరడానికి మూడు గంటల పైన పడుతుంది. రెండింటి ఎండ అయిదు గంటలకు మన నెత్తి మీద దిగుతుంది. పొద్దు గూకినా ఫ్యాను వేడిగాలే కొట్టడానికి కారణం ఇదే. ఒకటిన్నర అడుగుల మట్టిగోడలో అదే ప్రయాణం పది గంటల పైమాట. మధ్యాహ్నపు వేడి లోపలికి వచ్చేసరికి బయట చల్లబడి ఉంటుంది, జనం ఆరుబయట మంచాలేసుకుని ఉంటారు.

దీన్నుంచి ఒక పనికొచ్చే సంగతి తెలుస్తుంది. ఇన్సులేషన్‌ను స్లాబు పైన పెట్టాలి, కింద కాదు. పైన పెడితే స్లాబు నీడపట్టున ఉంటుంది. దాని బరువంతా గది వైపు ఉండి, రాత్రి కిటికీలు తెరిస్తే చల్లబడి, పగలు ఆ చల్లదనాన్ని కాసేపు నిలబెడుతుంది. కింద పీఓపీ సీలింగు వేయించుకుంటే గదికి కొంత ఉపశమనమే కానీ స్లాబు పైన మాడుతూనే ఉంటుంది. కాంక్రీటు 10 మీటర్ల పొడవుకు 30 డిగ్రీల తేడాకు 3 మిల్లీమీటర్లు సాగుతుంది, రాత్రి మళ్లీ ముడుచుకుంటుంది. స్లాబు, గోడ కలిసేచోట ఏటా కనిపించే ఆ గీతలాంటి పగులు చాలా ఇళ్లలో ఈ రోజువారీ సాగుడు వల్లే. కిటికీలు తెరవకుండా ఇన్సులేషన్ వేసుకుంటే వంట వేడి, మనుషుల వేడి లోపలే ఉండిపోతుందన్నదీ గుర్తుంచుకోవాలి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది తెల్లరంగు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే. వచ్చే ఎండలో సగానికి పైగా తిప్పికొడితే ఆపాల్సిన వేడే తగ్గిపోతుంది. సున్నం కొట్టినా మొదట్లో బాగానే పనిచేస్తుంది. దుమ్ము పడితే, నాచు పడితే గుణం తగ్గుతుంది, కాబట్టి ఏటా ఎండాకాలం ముందు కడగాలి, కొట్టాలి. చేతిలో డబ్బు కొద్దిగానే ఉంటే ఫోమ్ కాంక్రీటు వదిలేసి ఇదే చేయండి.

ఫిల్లర్ స్లాబు గురించి కొందరు అడుగుతుంటారు. కేరళలో లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. స్లాబు అడుగు భాగంలో కాంక్రీటు బరువు మోయదు కాబట్టి అక్కడ పెంకులు పెట్టి పోస్తారు. అయిదో వంతు వరకు కాంక్రీటు మిగులుతుంది, సిమెంటు పొదుపు విషయంలో నాకు బాగా నచ్చిన పద్ధతి. చల్లదనం మాత్రం చెప్పుకునేంత కాదు. పెంకుల మధ్య ఉన్న కాంక్రీటు దారుల్లోంచి వేడి దిగుతూనే ఉంటుంది. ఏఏసీ గోడలకూ ఇదే తిప్పలు. గోడ ఎంత ఆపినా కాలమ్, బీమ్ దగ్గర వేడి దారి తెరిచే ఉంటుంది. గోడ, కాలమ్ కలిసేచోట ప్లాస్టరింగ్ కింద మెష్ (జాలీ) కొట్టకపోతే పగులు ఖాయం.

సైటులో చెడేది ఎక్కడ

మొదటిది క్యూరింగ్. పీపీసీ లాంటి మిశ్రమ సిమెంట్లు నెమ్మదిగా బలం పుంజుకుంటాయి కాబట్టి వేడి, పొడి వాతావరణంలో 14 రోజులు తడిగా ఉంచమని ఐఎస్ 456 సలహా. ఎండాకాలంలో బోరు సన్నగిల్లి, ట్యాంకర్ కోసం ఎదురుచూసే పాలమూరు సైటులో అది నిజంగా టెన్షనే. స్లాబు మీద మళ్లు కట్టి నీళ్లు నిలబెడితే, పైపుతో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొట్టేదానికన్నా నీళ్లూ తక్కువ పడతాయి, పనీ బాగుంటుంది. క్యూరింగ్ చేయలేమనుకుంటే సిమెంటు తగ్గించే ప్రయోగాలు వద్దు. సరిగ్గా తడపని తక్కువ సిమెంటు కాంక్రీటులోకి గాలి తొందరగా చొరబడి కంబీ తుప్పు పడుతుంది. అప్పుడు మిగిల్చిన 11 బస్తాలు ఎవరికీ గుర్తుండవు.

రెండోది తడి. గాలి వాహకత 0.025 అయితే నీళ్లది 0.6, 24 రెట్లు. బుడగల్లోకి నీళ్లు చేరితే ఫోమ్ కాంక్రీటు ఉత్త బరువే, ఇన్సులేషన్ కాదు. ఫోమ్ పొర మీద వాటర్‌ప్రూఫింగ్ తప్పదు. అది వేసేముందు పొర ఆరాలి. తొందరపడి తడి మీదే మూత పెడితే లోపలి తేమ ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది, ఎండకు ఆవిరై మీది వాటర్‌ప్రూఫ్ పొరను బుడగలుగా లేపుతుంది.

మూడోది కొలత. అమ్మేవాడు 600 సాంద్రత అన్నంత మాత్రాన అది 600 కాదు. పోసేటప్పుడు ఒక బకెట్ ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి తూచితే తడి బరువు తెలిసిపోతుంది. లీటరుకు 750 గ్రాములకు అటూ ఇటూ ఉంటే ఆరాక 600 దగ్గరికి వస్తుంది. కిలో తూగితే నురగ చచ్చిందని అర్థం, ఆ లోడు వెనక్కి పంపాలి. మర్నాడు పొద్దున పొర మందం కొలిచి, పోసినప్పటికన్నా కుంగిందేమో చూడాలి.

పని పెట్టుకునే కాలం కూడా చూసుకోవాలి. రోహిణి కార్తె ఎండలో పోస్తే పై పొర ముందే ఎండిపోయి జాలీలా పగుళ్లు పడుతుంది. వానాకాలంలో పోస్తే ఆరదు. శివరాత్రి దాటాక మొదలుపెట్టి ఉగాదిలోపు పోయించుకుంటే, తడిపట్టాలు కప్పి వారం ఉంచి, తర్వాత ఆరనిచ్చి, మృగశిరకు ముందే వాటర్‌ప్రూఫింగ్, తెల్లరంగు రెండూ ముగించుకోవచ్చు.